నీడన ఆరిన ఆకు

పోయిన నెల ఎమ్మిగనూరుకు పోయినప్పుడు మా ఆడబిడ్డ మనవరాలు తను పనిచేసే చోటు చూపిస్తానని నన్ను వెంటబెట్టుకుపోయింది. ఆదోని దారిలో, ఒకప్పుడు పత్తి జిన్నింగు మిల్లు ఉండిన చోట, పెద్ద రేకుల షెడ్డు వేశారు. పత్తి పోయి ఆకులు వచ్చాయి. రైతుల దగ్గర మందు మొక్కలు కొని, కడిగి, ఆరబెట్టి, తుంచి, బస్తాలకెత్తి ఎక్కడికో పంపుతారట. అక్కడి ఫ్యాక్టరీలో వాటిని స్పిరిట్టులో నానబెట్టి సారం లాగుతారట. పిల్ల తలకు టోపీ, చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ పెట్టుకుని నాకూ ఒక గుడ్డ ఇచ్చింది. ఊపిరాడదని చెప్పి నేను కట్టుకోలేదు.

లోపల వలలు బిగించిన అరలు, ఒకదాని మీద ఒకటి. వాటి నిండా నేల ఉసిరి పరిచి ఉంది, వేళ్ళతో సహా. కిటికీలకు నల్లగుడ్డలు, పైన ఫ్యాన్లు. ఎండ తగిలితే సరుకు వెనక్కి పంపిస్తారు అవ్వా, అని పిల్ల నాకు పాఠం మొదలుపెట్టింది. వేరే రోజైతే నేను దాన్ని ఆట పట్టించేదాన్ని. ఆ రోజు మధ్యలోనే బయటికి వచ్చి వాచ్‌మన్ కుర్చీలో కూలబడ్డాను. బీపీ పెరిగిందేమోనని పిల్ల పరుగున నీళ్ళు తెచ్చింది. అది బీపీ కాదు, మా పడసాల వాసన.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ నల్లరేగడి ఊరు. మట్టి మిద్దె, ముందు అరుగు, లోపల పొడుగాటి పడసాల. వానలు పడి చేని గట్లు పచ్చబడ్డాయంటే ఆ పడసాలలో మాకు కాలు పెట్టే జాగా ఉండేది కాదు. పాత పంచెలు పరిచి వాటి మీద ఆకు ఆరబోసేది మా అవ్వ, నాయనకు అమ్మ. కామెర్లకు ఆమె ఇచ్చే మందు చుట్టుపక్కల పేరుపడింది. సి.బెళగల్ వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. మద్దికెర నుంచి బస్సు మారి వచ్చేవాళ్ళు. హాలహర్వి అవతలి నుంచి వచ్చినవాళ్ళు కన్నడంలో చెప్పుకుంటే అవ్వ తెలుగులో తిట్టేది, ఇద్దరికీ అర్థమయ్యేది.

ఆకు పని అంటే అవ్వకు పూజ కంటే ఎక్కువ. పొద్దు పొడిచి మంచు ఆరినాకే పీకాలి, తడితో పీకితే బూజు పడుతుంది. వేరు తెగకూడదు. మట్టి దులిపి నీళ్ళలో ఒక్కసారి ముంచి తీయాలి, నానబెట్టకూడదు. నానితే సారమంతా కడిగిన నీళ్ళలోకి పోతుందని, తాగేవాడికి పిప్పి మిగులుతుందని ఆమె మాట. ఆ తర్వాత నీడన ఆరాలి. నీడనే. పొద్దు తిరిగి తలుపు సందు నుంచి ఎండ చార పడితే చాలు, పంచెను అవతలికి లాగడానికి మమ్మల్ని కేకేసేది. పలకకపోతే పొరక తిరగేసేది. ఆకు ఆరినా పచ్చరంగు పోకూడదు, కాడ విరిస్తే పుటుక్కుమనాలి. అప్పుడు రోట్లో వేసి దంచడం. మెత్తటి పొడి చేయకూడదు, నూకలాగా ఉండాలి, అప్పుడే సారం బాగా దిగుతుంది. ఆ నూకను సాయంత్రం కొత్త కుండలో నానబోసి, తెల్లారినాక పిడకల సెగ మీద నాలుగో వంతుకు మరిగించి, గుడ్డలో వడగట్టి ఇచ్చేది. పెద్దవాళ్ళకైతే అవసరానికి పచ్చి పసరు పోసేది గానీ పిల్లలకు పోసేది కాదు. పసి కడుపు తట్టుకోదని, పిల్లలకు ఆరిన ఆకు కషాయమేనని గట్టిగా చెప్పేది.

దంచేది మాత్రం అవ్వ కాదు, మా అమ్మ. రోకలి ఎత్తేటప్పుడు లేచే దుమ్ముకు ముక్కూ గొంతూ చేదెక్కిపోయేవి. అమ్మ ఆ చేతులు ఎంత కడుక్కున్నా జొన్నపిండి పిసికేసరికి రొట్టెకు చేదు అంటేది. వానాకాలమంతా మా ఇంట్లో రొట్టెలు చేదే. మా తమ్ముడు రొట్టెను శెనక్కాయల పొడిలో పొర్లించి తినేవాడు, అది చాలక బెల్లం దొంగిలించేవాడు. నేను పళ్ళ బిగువున తినేదాన్ని. నాయన మాత్రం చేదు తెలియనట్టు తినేవాడు. భార్య చేతి వంటకూ తల్లి చేతి మందుకూ నడుమ ఇరుక్కున్న మనిషి అంతకన్నా ఏం చేస్తాడు.

ఆ మందు అవ్వకు వాళ్ళ నాయన ఇచ్చాడు. ఆయనకు ఎవరో బైరాగి ఇచ్చాడట. ఇస్తూ ఒట్టు వేయించుకున్నాడు. మందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. ఆకు పేరు పైకి చెప్పకూడదు. సొంత రక్తానికి ఆ చేత్తో మందు ఇవ్వకూడదు. ఇందులో ఏది తప్పినా చేతి గుణం పోతుంది. బైరాగికి పెళ్ళామూ బిడ్డలూ ఉండరు గదా, ఆయనకేం పోయింది, చెప్పి తన దారిన తను పోయాడు. మోసింది మా ఇల్లు.

ఒట్టు ఎంత గట్టిదో మాకు తెలిసింది తమ్ముడి వల్లనే. మందు తాగి మొహం వంకర పెట్టిన వాళ్ళను వాడు అరుగు చివరికి పిలిచి, దొంగిలించిన బెల్లంలో ఒక ముక్క ఇచ్చి, బదులుగా పిడికెడు శెనక్కాయలు తీసుకునేవాడు. మంచి బేరం. నాకూ వాటా ఉండేది. అవ్వ కంట పడిన రోజు వాడి వీపు మీద పొరక పుల్లలు ఊడాయి. మందు తాగినోడి దగ్గర ఒక్క కాయ పుచ్చుకున్నా మందు సచ్చిపోతుందని అరుస్తూ, తనే ఏడుస్తూ కొట్టింది. ఆ శెనక్కాయలన్నీ ఏరి కోళ్ళకు వేసింది. అప్పుడు మాకు నవ్వుగా ఉండేది, తమ్ముడు చాటుకు పోయి అవ్వ ఏడుపును అనుకరించి చూపించేవాడు.

ఒక ఏడు వానలు ముందే దిగాయి, దిగినవి ఆగలేదు. బావిలోకి ఊరి మురికంతా చేరింది. ఊరూరా కామెర్లు. మా అరుగు మీద మనుషులు, వాకిట్లో మనుషులు, కండ్లు పసుపు పూసినట్టు ఉండేవి. అవ్వ కుండల్లో దాచిన పోయినేటి నూకంతా పంచింది. కొత్త ఆకు అప్పుడప్పుడే గట్ల మీద లేస్తోంది గానీ మనుషుల తాకిడికి పీకడానికి పోయే తీరిక లేదు. చివరి కుండ దులిపి ఎవరికో పోసిన మరునాడే అమ్మ తమ్ముడి నిక్కరు ఉతకబోయి, చేత్తో పట్టుకుని పడసాలలోకి వచ్చింది. గుడ్డ మీద పసుపు మరక. అవ్వ దాన్ని చూసింది. తమ్ముణ్ణి పిలిచి కంటి రెప్ప కిందికి లాగి చూసింది, గోళ్ళు చూసింది.

అమ్మ మందు ఇమ్మని అడిగింది. అవ్వ తల అడ్డంగా ఊపింది. మా పెదనాయనకు చిన్నప్పుడు ఇదే జబ్బు వస్తే హాలహర్వి అవతల ఉండే ఒక ముసలాయన దగ్గరికి తీసుకుపోయానని, ఆయన చేతి మందుతోనే బతికినాడని, వీణ్ణీ అక్కడికే తీసుకుపోండని చెప్పింది. నాయన తమ్ముణ్ణి భుజానేసుకుని పోయాడు. అక్కడ ఆ ముసలాయన ఎండాకాలంలోనే కాలం చేశాడు. కొడుకులు బళ్ళారిలో హోటలు పెట్టుకున్నారు, ఆకు గురించి వాళ్ళకేమీ తెలియదు. అక్కడి నుంచి నాయన ఆదోనికి తీసుకుపోయాడు. డాక్టరు సూది వేసి, మాత్రలు ఇచ్చి, నీళ్ళు కాచి తాగించమని, పిల్లవాడు మగతగా పడుకుంటే మాత్రం క్షణం ఆగకుండా తీసుకురమ్మని చెప్పాడు. డాక్టరు మందు మంచిగా పనిచేసినట్టే అనిపించింది. వాడు లేచి కూర్చుని, చేదు లేని రొట్టె కావాలని అమ్మను సతాయించాడు. ఆ వారం దంపుడు లేదు గనుక రొట్టె తియ్యగానే ఉంది.

ఆ తర్వాత వాన మళ్ళీ పట్టుకుంది. వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. తమ్ముడు అప్పుడే మగతలో పడ్డాడు. పిలిస్తే కండ్లు తెరిచి మళ్ళీ మూసేవాడు. నాయన వాగు దాకా పోయి, గట్టున నిలబడి, తిరిగి వచ్చాడు. మళ్ళీ పోయాడు. ఇంటికీ వాగుకూ తిరగడం తప్ప ఆ మనిషి చేతిలో ఇంకేమీ మిగల్లేదు.

అమ్మ అవ్వ కాళ్ళ మీద పడింది. నేను పడసాల గోడకు ఆనుకుని చూస్తున్నాను. మా అమ్మ ఎవరి ముందూ తల వంచే మనిషి కాదు. గొంతు బొంగురుపోయేలా అత్తతో గొడవపడిన రోజులు నాకు తెలుసు. ఆ రోజు ఆమె నుదురు నేలకానించి అట్లే ఉండిపోయింది. ఒట్టు తప్పి ఇస్తే మందు విషమవుతాదేమోనని అవ్వ భయం. ఇవ్వకపోతే పిల్లవాడు పోతాడని అందరి భయం. చివరికి అవ్వ లేచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, వానలోనే గట్టు మీదికి పోయి ఒడి నిండా ఆకు పీకి తెచ్చింది. తడిసిన ఆకు, మంచు ఆరేదాకా ఆగని ఆకు.

పడసాలలో పరిచింది. తేమ గాలికి అది ఆరదు. మరునాడూ ఆరలేదు. గోరుతో కాడ విరిచి చూస్తే వంగుతోంది తప్ప విరగడం లేదు. తమ్ముడు పిలిస్తే పలకడం మానేశాడు. ఆ మధ్యాహ్నం మబ్బు విచ్చి ఎండ కాసింది, వానాకాలపు చుర్రుమనే ఎండ. అవ్వ పంచెను నాలుగు మూలలా పట్టుకుని లేచింది. మిద్దె మెట్లెక్కి, నడినెత్తిన ఎండలో ఆకు ఆరబోసింది. ఎండ చార పడితే మమ్మల్ని పొరకతో కొట్టిన మనిషి. మెట్ల కింద నుంచి అమ్మ చూసింది, నేను చూశాను. సాయంత్రానికి ఆకు గలగల ఎండింది. రంగు మాత్రం పాచిపట్టిన ఎండుగడ్డి రంగు. అమ్మ దాన్నే రోట్లో పోసి దంచింది. దుమ్ము లేచింది, నాకు గొంతులో ఏమీ తగల్లేదు.

నానబెట్టే వ్యవధి కూడా లేక అప్పటికప్పుడు మరిగించారు. అమ్మ వాడిని ఒళ్ళో ఆనించుకుని, ముక్కు మూసి, చెంచాతో పోసింది. రెండు గుటకలు దిగాక వాడు కండ్లు తెరిచాడు. చాలా రోజులకు మనిషిని గుర్తుపట్టినట్టు అవ్వ వైపు చూశాడు.

"సేదు లేదే అవ్వా," అన్నాడు.

వాడికి ఆ మాట ఆనందమే అనుకుంటాను. అవ్వ చేతిలోని గిన్నె కింద పెట్టి బయటికి పోయింది. వాగు తగ్గకముందే, తెల్లారిన కాసేపటికి, వాడు పోయాడు. వాడిని ఎత్తుకుని నాయన వాగు వైపుకే నడవబోయాడు. ఊరివాళ్ళు పట్టుకుని ఆపి, వాగు వద్దప్పా, ఇటు పోవాల, అని చేను వైపు తిప్పారు.

సొంత రక్తానికి ఇచ్చి ఒట్టు తప్పినందుకే మనవడు పోయాడని అవ్వ నమ్మింది. ఊళ్ళోనూ చాలామంది అదే అన్నారు, ఆ అన్నవాళ్ళలో ఆమె మందు తాగి బతికినవాళ్ళూ ఉన్నారు. మొదటిరోజే ఇవ్వనందుకు పోయాడని అమ్మ నమ్మిందని నేననుకునేదాన్ని, ఎందుకంటే ఆమె అత్తకు అన్నం పెట్టేది గానీ అత్త మొహం చూసేది కాదు. సుగ్గికాలం రాగానే నాయన, అమ్మ గుంటూరు వైపు మిరపకోతలకు పోయారు. అంతకుముందు ఎన్నడూ మా ఇంట్లో వాళ్ళు అట్లా సుగ్గికి, వలస కూలికి, పోలేదు. ఇంట్లో నేనూ అవ్వా మిగిలాం. అవ్వ అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకునేది. మందు కోసం ఎవరైనా వస్తే చెయ్యి సచ్చిపోయిందని చెప్పి పంపేసేది. కుండలు బోర్లించి పెరట్లో పెట్టింది. కోళ్ళు వాటి నీడన పడుకునేవి.

మళ్ళీ వానలు వచ్చాయి. గట్ల మీద ఆకు మోకాలెత్తు లేచింది. పీకేవాళ్ళు లేక ముదిరి, గింజ కట్టింది. అమ్మానాయనా తిరిగొచ్చారు. అప్పుడొక రోజు మద్దికెర వైపు నుంచి ఒకామె వచ్చింది, చంకలో పిల్ల. పిల్ల కండ్లు పచ్చగా ఉన్నాయి. అవ్వ ఎప్పటి మాటే చెప్పింది. ఆమె ఇంత దూరం బిడ్డను మోసుకొచ్చానని, ఇంక యాడికి పోవాలని ఏడుస్తూ అరుగు కింద కూలబడింది.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. చేతుల పిండి కడుక్కుంది. పెరటి వాకిలి గుండా పోయి, కాసేపటికి ఒడి నిండా నేల ఉసిరి పీక్కుని వచ్చింది. వేరు తెగకుండా, ఒక్కటీ తెగకుండా. మట్టి దులిపి, నీళ్ళలో ఒక్కసారి ముంచి తీసి, పడసాలలో ఎండ చార ఎంతవరకు వస్తుందో చూసుకుని, దానికి ఇవతల పంచె పరిచి ఆరబోసింది. పిల్ల తల్లిని ఆకు ఆరేదాకా మా ఇంట్లోనే ఉండమంది. పైగా ఒక మొక్క తీసి ఆమె చేతికిచ్చి, ఇది నేల ఉసిరి, మీ గట్ల మీదా ఉంటాది, గుర్తుపట్టుకో, అని పేరుతో సహా చెప్పింది. బైరాగి నాటి నుంచి ఎవరి నోటా రాని పేరు మా వాకిట్లో అంత మామూలుగా వినబడింది.

అవ్వ గడప పట్టుకుని నిలబడింది.

"ఈ ఆకు నీకెవరు సెప్పినారు?" అంది.

"ఎవరూ సెప్పల్యా అత్తా," అంది అమ్మ, తల ఎత్తకుండా ఆకు సర్దుతూనే. "ఇన్నేండ్లు దంచినేది నేనే గదా."

అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. అమ్మే జవాబు చెప్పింది.

"అప్పుడూ తెల్సు. వాని గుడ్డ మీద పచ్చ మరక సూసిన పొద్దే పోయి పీక్కొచ్చుంటే నీడన ఆరేకి బోలెడు దినాలుండె. నీ సేతి గుణమే మందు అనుకుంటి అత్తా. నీ సేయి కోసం సూస్తా కూసుంటి."

ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. అవ్వ మెల్లగా వచ్చి పంచెకు ఈ వైపు కూర్చుంది. ముద్దగా పడిన కాడలను విడదీసి పల్చగా పరచడం మొదలుపెట్టింది. తన చెయ్యి సచ్చిపోయిందన్న మాట ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు, అమ్మ వద్దనలేదు. ఆ పిల్ల కషాయం తాగి తల్లి చంకలో వెళ్ళిపోయింది. తర్వాత ఏమైందో మాకు కబురు రాలేదు.

అమ్మ బతికినంత కాలం ఆ మందు చేసింది, అడిగిన ప్రతివాళ్ళకూ ఆకు చూపించి పేరు చెప్పింది. నా బిడ్డలకూ పోసింది. ఈ జబ్బు చాలామందికి విశ్రాంతితోనే తగ్గుతుందని, ముదిరితే ఏ ఆకూ ఆపలేదని ఈమధ్య ఒక డాక్టరమ్మ నాతో అంది. అదీ నిజమే కావచ్చు. అప్పుడు నీడన ఆరిన ఆకు అందినా మా తమ్ముడు దక్కేవాడో కాడో నేను చెప్పలేను. ఆ బెంగ నాకు ఎప్పుడో తీరింది. తీరనిది ఇంకొకటి. అవ్వకు ఆ మందు తెలుసు, అమ్మకు తెలుసు, పంచెలు లాగీ లాగీ నాకూ చాలావరకు తెలుసు. మందు చేయడం రాని మనిషి ఆ ఇంట్లో లేదు. ఎవరి చేత్తో ఇవ్వాలో తేలక మేమంతా ఒకరి మొహం ఒకరం చూస్తూ కూర్చున్నాం. వాడు మా అందరి నడుమే పడుకుని ఉన్నాడు.